తొలినాటి ల్యాండ్‌స్కేప్ ఫోటోల్లో ప్రతీకలు, భావాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఫోటోగ్రఫీ గురించి ప్రపంచానికి తెలిసింది 1839లో. అప్పటి నుంచి 1930ల మొదటి సంవత్సరాల దాకా తీసిన కొండలు, సముద్రాలు, ఎడారులు, మబ్బుల ఫోటోల గురించి ఎక్కువగా ఎదురయ్యే ప్రశ్నలు ఇక్కడ ఉన్నాయి. ఒకదాని జవాబు ఇంకొకదానిలోకి వెళ్తుంది కాబట్టి వరసగా చదివితే మంచిది.

కెమెరా ఎదురుగా ఉన్నదాన్నే కదా తీస్తుంది? కొండలో, చెట్టులో భావం ఎక్కడిది?

కొండకి భావం ఉండదు. ఆ కొండని ఏ పూట చూపించారు, ఎంత దూరం నుంచి చూపించారు, పక్కన ఏది ఉంచి ఏది తీసేశారు అన్నదాంట్లో ఉంటుంది. మన అలంకారశాస్త్రం వెన్నెలని, తోటని, మబ్బుని ఉద్దీపన విభావాలంటుంది. సందర్భం కుదిరితే అవి మనసులో ఉన్నదాన్ని రగిలిస్తాయి, లేకపోతే వెన్నెల వెన్నెలగానే ఉండిపోతుంది. ఫోటోగ్రాఫర్ పని ఆ సందర్భాన్ని కుదర్చడం.

1850ల ఫోటోగ్రాఫర్ చేతిలో ఉన్న సాధనాలు కొన్నే. నిలబడే చోటు, వెలుతురు, ఎక్స్‌పోజర్ సమయం, ప్రింట్ తీసేటప్పుడు చేసే పని, చివరికి ఫోటో కింద రాసే పేరు. ఈ పేరుని చాలామంది పట్టించుకోరు. కొన్ని ఫోటోల్లో సగం బరువు మోసేది అదేనని నా అభిప్రాయం. యుద్ధభూమిలో రోజర్ ఫెంటన్ తీసిన ఫోటో దగ్గర ఈ సంగతి చూద్దాం.

పాత ఫోటోల్లో ఆకాశం ఎప్పుడూ బోసిగా, తెల్లగా ఎందుకుంటుంది? కావాలని చేసిందా?

మొదట్లో అది రసాయనం తెచ్చిన ఇబ్బంది. 1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ ప్రకటించిన తడి కొలోడియన్ పద్ధతే ఆ తర్వాత దాదాపు ముప్పై ఏళ్లు నడిచింది. గాజు పలక మీద కొలోడియన్ అనే జిగురు ద్రవం పోసి, కాంతికి స్పందించేలా సిల్వర్ నైట్రేట్‌లో ముంచి, తడి ఆరకముందే ఫోటో తీసి, అక్కడికక్కడే డెవలప్ చేయాలి. మొత్తం పని పది పదిహేను నిమిషాల్లో అయిపోవాలి. అందుకే డార్క్‌రూమ్‌ని కూడా బండి మీదో, మనుషుల వీపు మీదో వెంట తీసుకెళ్లేవారు. ఈ పలక నీలి కాంతికి వెంటనే లొంగుతుంది, ఆకుపచ్చకి, ఎరుపుకి సరిగా స్పందించదు. చెట్లు, రాళ్లు స్పష్టంగా పడేదాకా లెన్స్ తెరిచి ఉంచితే ఈలోపు ఆకాశానికి కాంతి మితిమీరి మబ్బులు మాయమైపోతాయి.

ఈ ఖాళీతో ఒక్కొక్కరు ఒక్కో రకంగా కుస్తీ పట్టారు. 1855లో బర్మాలో ఫోటోలు తీసిన లినేయస్ ట్రైప్ తన కాగితం నెగెటివ్‌ల మీద రంగు అద్ది మబ్బులు కల్పించాడు. ఫ్రాన్స్‌లో గుస్తావ్ ల గ్రే రెండు నెగెటివ్‌లు వాడాడు, సముద్రానికి ఒకటి, ఆకాశానికి ఒకటి. 1857లో సెత్ అనే ఊరి తీరంలో తీసిన పెద్ద అల ఫోటో చూడండి. ఎడమవైపు రాళ్ల వరస, దాని ముందు విరిగి నురగలెత్తుతున్న అల, పైన బరువుగా దిగుతున్న మబ్బులు. రెండు నెగెటివ్‌లూ కలిసింది సరిగ్గా సముద్రం, ఆకాశం కలిసే గీత దగ్గర. ఆ గీత మీద కంటిని మెల్లగా నడిపిస్తే తప్ప అతుకు తెలియదు. కదిలే అలని పట్టుకోవడమే గొప్ప అనుకునే రోజుల్లో ఆయన దానికి తగిన ఆకాశాన్ని కూడా తెచ్చిపెట్టాడు.

రెండు నెగెటివ్‌లు కలపడం మోసం కాదా?

ల గ్రే ఒకే ఆకాశాన్ని ఒకటికి మించిన సముద్రాలకు వాడాడు. అది తెలిశాక కొందరికి మనసు విరుగుతుంది. నాకు అలా అనిపించదు. తీరాన నిలబడ్డ మనిషి కన్ను అలనీ, మబ్బునీ ఒకేసారి చూస్తుంది. పలక చూడలేకపోయింది. ఆ లోటుని పూడ్చడం కంటికి చేసిన న్యాయమే. ఏ ఆకాశం పెట్టాలి అన్న దగ్గర మాత్రం ఎంపిక మొదలవుతుంది. తేటగా ఉన్న ఆకాశం పెడితే అదే అల ఆహ్లాదంగా ఉంటుంది, నల్లమబ్బు పెడితే గుండె బరువెక్కుతుంది. ఇక్కడ ఆయన సంగీత దర్శకుడి పని చేశాడు.

ఒక్క నెగెటివ్‌తో కూడా ఇలాంటి మాయ కుదురుతుంది. 1856లో ల గ్రే నీళ్ల మీద నిలిచిన ఒక ఓడ ఫోటో తీశాడు. సూర్యుడికి ఎదురుగా, తక్కువ ఎక్స్‌పోజర్‌తో తీయడంతో నేలా నీళ్లూ చీకట్లోకి వెళ్లి, మబ్బుల వెనక వెలుగు మాత్రం మిగిలింది. చూసినవాళ్లు అది వెన్నెల రాత్రి అనుకున్నారు. పట్టపగలు తీసిన ఫోటో అది.

జలపాతాలు, నదులు పొగలా కనిపిస్తాయి. అది కలలాంటి వాతావరణం కోసమా?

ఎక్స్‌పోజర్ ఎక్కువసేపు ఉండటం వల్ల వచ్చిన ఫలితం అది. కదిలే నీరు పలక మీద తెల్లటి తెరలా పరుచుకుంటుంది. అయితే కొద్ది కాలానికే ఫోటోగ్రాఫర్లు దీన్ని గుర్తుపట్టి వాడుకున్నారు. కదలని రాయి పక్కన ఆవిరిలా కరిగిపోయే నీరు ఉంటే రాయి ఇంకా పాతదిగా, ఇంకా గట్టిదిగా కనిపిస్తుంది. ఈరోజు ట్రైపాడ్ పెట్టి, ఫిల్టర్ బిగించి ఈ ఎఫెక్ట్ కోసమే తీసేవాళ్లు ఎంతమంది లేరు!

ప్రతీక అంటే ఏమిటో ఒక్క ఫోటో తీసుకుని చెప్పగలరా?

రోజర్ ఫెంటన్ 1855 ఏప్రిల్‌లో క్రిమియా యుద్ధభూమిలో (బ్రిటన్, దాని మిత్రులు రష్యాతో పోరాడిన చోటు) తీసిన ఫోటో ఇందుకు సరిగ్గా సరిపోతుంది. అందులో మనిషి లేడు, శవం లేదు, జెండా లేదు. రెండు బోడి గుట్టల మధ్య వంపు తిరిగిన మట్టి దారి. దాని మీదా, పక్కనున్న పల్లంలోనూ చెల్లాచెదురుగా ఫిరంగి గుండ్లు. పైన ఖాళీ ఆకాశం. తొలి చూపులో అవి రాళ్లే అనిపిస్తాయి. అన్నీ ఒకే గుండ్రంగా ఎందుకున్నాయని కన్ను ఆగుతుంది. గుండ్లని అర్థమయ్యాక ఫోటోలో ఏదీ మారకపోయినా మొత్తం మారిపోతుంది. ఇన్ని గుండ్లు పడిన చోట మనుషులేమయ్యారు? ఫోటో ఆ ప్రశ్న మన చేత అడిగిస్తుంది, జవాబు మాత్రం చూపించదు.

ఇక పేరు. రష్యన్ ఫిరంగుల దెబ్బలు అస్తమానం పడే ఆ లోయకి సైనికులే మృత్యులోయ అని పేరు పెట్టుకున్నారు. ఫోటో లండన్‌లో ప్రదర్శనకి వెళ్లేసరికి దాని పేరు బైబిల్‌లోని 23వ కీర్తనని తలపించేలా మారింది. "యెహోవా నా కాపరి" అని మొదలయ్యే కీర్తన మన ఊళ్ల చర్చిల్లో పిల్లలకి కూడా నోటికి వస్తుంది. అందులో గాఢాంధకారపు లోయలో నడిచినా భయపడను అనే మాట ఉంది. 1855 నాటి ఇంగ్లండ్‌లో కొడుకుని యుద్ధానికి పంపిన తల్లి ఆ పేరు చదవగానే, ఖాళీ దారి ఆమెకి కీర్తనలోని దారి అయిపోతుంది. దానికి తోడు, 1854 అక్టోబరులో బలక్లావా దగ్గర బ్రిటిష్ తేలికపాటి ఆశ్వికదళం ఫిరంగుల నోట్లోకి దూసుకెళ్లిన ఘటన మీద ఇంగ్లిష్ కవి టెనిసన్ రాసిన పద్యం అప్పటికే అందరి నోళ్లలో నానుతోంది. అందులోనూ మృత్యులోయ అన్న మాట ఉంది. ఆ లోయ వేరు, ఈ లోయ వేరు. చూసేవాళ్ల మనసులో రెండూ ఒకటైపోయాయి.

ఇదే చోట, ఇదే కోణంలో తీసిన ఇంకో ఫోటో కూడా ఉంది. అందులో గుండ్లన్నీ పల్లంలోనే ఉంటాయి, దారి ఖాళీ. ఏది ముందు తీశారని చాలాకాలం వాదన నడిచింది. రెండు ఫోటోల్లోని చిన్న చిన్న రాళ్లు కిందికి జారిన తీరుని పోల్చి, ఖాళీ దారి ఫోటోనే ముందు తీశారని ఒక పరిశీలన తేల్చింది. అంటే తర్వాత ఎవరో గుండ్లని దారి మీదికి తెచ్చి ఉండాలి. ఫెంటన్ చేయించాడా, సైనికులు వాటిని ఏరుకుంటూ దారి మీద వేశారా అన్న చర్చ ఇంకా నడుస్తూనే ఉంది. చేయించాడనే అనుకున్నా, ఆ లోయలో గుండ్లు పడ్డ మాట అబద్ధం కాదు.

1858లో లక్నోలో ఫెలీచే బియాటో చేసిన పని గురించి ఇంత ఉదారంగా మాట్లాడలేను. సికందర్ బాగ్ ముంగిట్లో, కొన్ని నెలల ముందు బ్రిటిష్ సైన్యం చంపిన భారతీయ సిపాయిల ఎముకలు పరిచి ఉన్న ఫోటో అది. అక్కడ ఓడినవాళ్ల శరీరాలనే అలంకరణ సామగ్రి చేశారు.

అమెరికాలో, కాలిఫోర్నియాలోని యోసెమిటీ లోయ ఫోటోలు చూస్తే గుడిలో ఉన్నట్టుంటుంది. అలా అనిపించేలా ఎలా తీశారు?

కార్ల్‌టన్ వాట్కిన్స్ 1861లో అక్కడికి వెళ్లినప్పుడు తీసుకెళ్లిన గాజు పలకలు 18 అంగుళాలకు 22 అంగుళాలు. ఎన్‌లార్జ్ చేసే సదుపాయం అప్పట్లో సరిగా లేదు, ఎంత పలక ఉంటే అంతే ప్రింట్. కెమెరా, పలకలు, రసాయనాలు, గుడారం అన్నీ కంచరగాడిదల మీద కొండదారుల్లో వెళ్లాయి. అంత పెద్ద పలక కాబట్టి ఎదురుగా ఉన్న పైన్ చెట్టు ఆకుల నుంచి మైళ్ల దూరంలోని శిఖరం మీది పగుళ్ల దాకా అన్నీ ఒకే స్పష్టతతో ఉంటాయి. కన్ను దేనిమీదా తొందరపడదు. నీళ్లు కదలని పూట చూసి తీయడంతో కొండ ఒకటి పైన, ఇంకొకటి నీటిలో తలకిందులుగా కనిపిస్తుంది. ఈ నిశ్చలతే భక్తిలాంటి భావాన్ని తెస్తుంది. దానికి తోడు కొండలకి పెట్టిన పేర్లు కెథీడ్రల్ రాక్స్, కెథీడ్రల్ స్పైర్స్. కొండల్ని చర్చి గోపురాలుగా చూడమని పేరే చెబుతోంది.

1862 చివర్లో ఈ ఫోటోలు న్యూయార్క్‌లో ప్రదర్శనకి వెళ్లాయి. అమెరికా అంతర్యుద్ధం మధ్యలో ఉన్న జనం వాటి ముందు నిలబడ్డారు. 1864 జూన్ 30న అధ్యక్షుడు లింకన్ ఆ లోయని ప్రజల కోసం కాపాడే చట్టం మీద సంతకం చేశాడు. ఒక్క ఫోటోల వల్లే చట్టం వచ్చిందనడం అతిశయోక్తి, కానీ ఎన్నడూ చూడని చోటు మీద తూర్పు తీరం వాళ్లకి మమకారం కలిగించింది మాత్రం అవే.

ఆ ఫోటోల్లో మనుషులు ఎందుకు లేరు? నిజంగానే అక్కడ ఎవరూ లేరా?

ఉన్నారు. అవానీచీ ప్రజలు ఆ లోయలో తరతరాలుగా బతికారు. 1851లో మరిపోసా బెటాలియన్ అనే సాయుధ దళం లోపలికి వచ్చి వాళ్ల ఊళ్లు, దాచుకున్న తిండిగింజలు తగలబెట్టి వాళ్లని తరిమింది. కొందరు తర్వాత తిరిగొచ్చి అక్కడే ఉన్నారు కూడా. వాట్కిన్స్ వెళ్లింది ఆ దాడి జరిగిన పదేళ్లకే. ఫోటోల్లో మనకి నచ్చే ఆ విశాలమైన పచ్చిక బయళ్లు కూడా ప్రకృతి ఒక్కటే చేసినవి కావు. అవానీచీలు పొదలకి అదుపుగా నిప్పు పెడుతూ శతాబ్దాలుగా కాపాడుకున్న నేల అది.

నన్ను బాగా ఆపిన సంగతి ఇంకొకటుంది. వాట్కిన్స్ ఫోటోల కింద పేర్లలో ఎల్ కాపిటాన్ పక్కన టుటుకానులా అనీ, బ్రైడల్ వెయిల్ జలపాతం పక్కన పొహోనో అనీ స్థానికుల పేర్లు రాసి ఉంటాయి. పేర్లు మిగిలాయి, పెట్టినవాళ్లు ఫ్రేములో లేరు. మనిషి అడుగు పడని స్వర్గం అన్న భావం ఇలా తయారైంది. ఆ ఫోటోల అందం నాకు ఇప్పటికీ ఊపిరి ఆపేస్తుంది. ఈ చరిత్ర తెలిశాక అందం తగ్గలేదు, కానీ ఆ నిశ్శబ్దం ప్రశాంతంగా మాత్రం అనిపించదు.

వాట్కిన్స్ చివరి రోజులు కూడా బాధాకరమే. చూపు దాదాపు పోయిన దశలో 1906 శాన్‌ఫ్రాన్సిస్కో భూకంపం, మంటల్లో ఆయన స్టూడియో, నెగెటివ్‌లు కాలిపోయాయి. 1916లో మానసిక చికిత్సాలయంలో చనిపోయాడు.

కొన్నిటిలో ఎక్కడో చిన్న మనిషి, చిన్న బండి కనిపిస్తాయి. అవి కొలత కోసమేనా?

ముందు కొలత కోసమే. కొండ ఎంత ఎత్తో చెప్పాలంటే పక్కన మనిషి ఉండాలి. కానీ కొలత కోసం పెట్టిన మనిషే చాలాసార్లు ఫోటోకి ప్రాణం అవుతాడు.

తిమోతీ ఓసులివన్ 1867లో నెవాడాలోని కార్సన్ ఎడారిలో తీసిన ఫోటోలో ఇసుక దిబ్బలు, మధ్యలో నాలుగు కంచరగాడిదలు కట్టిన బండి ఉంటాయి. ఆ బండి ఆయన డార్క్‌రూమ్. బండి దగ్గర నుంచి మన వైపుకి అడుగుజాడలు వచ్చి ఫోటో అంచు దగ్గర ఆగిపోతాయి. అవి ఆయనవే. పలక ఆరిపోయేలోపు దిగి, నడిచొచ్చి, తీసి, మళ్లీ పరుగెత్తాలి. ఆ ఇసుకలో ఇంకో మనిషి గుర్తు లేదు. నాలుగేళ్ల ముందు, అంతర్యుద్ధంలో, గెటిస్‌బర్గ్ యుద్ధభూమిలో శవాల ఫోటోలు తీసిన మనిషి ఆయన. ఈ ఒంటరితనం అక్కడి నుంచే వచ్చిందని చాలామంది రాస్తారు. ఉండొచ్చు. అది లేకపోయినా ఆ జాడలు చాలు.

అలాంటి అర్థాలన్నీ మనం ఇప్పుడు ఊహించుకుంటున్నవేమో?

న్యాయమైన అనుమానం. ఓసులివన్ ప్రభుత్వ సర్వే కోసం పనిచేశాడు. ఆయన ఫోటోలు వెళ్లింది నివేదికల్లోకి, గోడల మీదకి కాదు. 1930లలో అమెరికన్ ఫోటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ తన దగ్గరున్న ఓసులివన్ ఆల్బమ్‌ని మ్యూజియం వాళ్ల దృష్టికి తెచ్చాకే వాటిని కళగా చూడటం మొదలైంది. భూగర్భశాస్త్రం కోసం తీసినవాటిని కళాఖండాలుగా చదవడం తప్పని 1980లలో విమర్శకులు గట్టిగానే వాదించారు.

ఆ వాదనలో బలం ఉంది, కానీ పూర్తిగా ఒప్పుకోలేను. 1970ల చివర్లో కొందరు ఫోటోగ్రాఫర్లు ఓసులివన్ నిలబడిన చోట్లే వెతికి పట్టుకుని మళ్లీ ఫోటోలు తీశారు. యూటాలోని వీబర్ లోయలో ఆయన 1869లో తీసిన రాళ్ల ఫోటోతో పోల్చేసరికి తేలిందేమిటంటే, ఆయన కెమెరానే వాల్చి తీశాడు. నేల ఏటవాలుగా మారి రాళ్లు అప్పుడే ఉబికి వచ్చినట్టున్నాయి. ఆ సర్వేకి నాయకుడైన క్లారెన్స్ కింగ్, భూమి పెద్ద పెద్ద విపత్తులతో రూపుదిద్దుకుందని నమ్మినవాడు. ఆయన నమ్మకానికి తగ్గట్టు తీశాడా, తన కంటికి అలా నచ్చిందా? ఏదైనా సరే, కెమెరా వాల్చిన చెయ్యి యాంత్రికంగా పనిచేసిన చెయ్యి కాదు.

ఆ గోధుమ రంగులోనే ఒక దిగులుంది కదా?

ఆ దిగులు మనది. గుడ్డు తెల్లసొన పూసిన ఆల్బుమెన్ కాగితం మీద, బంగారు లవణంతో టోనింగ్ చేసిన (అంటే రంగు ఛాయ మార్చిన) కొత్త ప్రింట్‌లో ఊదా ఛాయ కలిసిన నిండు గోధుమ రంగు, మెరిసే తెలుపు ఉండేవి. కాలం గడిచేకొద్దీ తెలుపు పసుపెక్కింది, వివరాలు వెలిసిపోయాయి. పాతదనం తెచ్చిన ఈ రంగుని ఫోటోగ్రాఫర్ ఉద్దేశంగా చదవకూడదు.

మన దేశంలో ఇలాంటి ఫోటోలు ఎవరు తీశారు?

నాటింగ్‌హామ్‌లో బ్యాంకు గుమాస్తాగా ఉన్న శామ్యూల్ బోర్న్ 1863లో ఇక్కడికి వచ్చి 1870 దాకా ఉన్నాడు. మూడుసార్లు హిమాలయాల్లోకి వెళ్లి, మణిరంగ్ కనుమ దగ్గర సుమారు 18,600 అడుగుల ఎత్తున ఫోటోలు తీశాడు. ముందు ఒక చెట్టు, మధ్యలో నీళ్లు, వంపు తిరిగిన దారి, వెనక మంచుకొండ అనే ఇంగ్లిష్ చిత్రకళ పద్ధతి ఆయన కంట్లో ఉంది. హిమాలయాల్ని కూడా ఆ చట్రంలోకి ఒదిగించాలని చూశాడు. ఒదగని చోటే ఆయన గొప్ప ఫోటోలు వచ్చాయని నాకనిపిస్తుంది. ఆ పలకల్ని, రసాయనాల్ని మోసింది పదుల కొద్దీ కూలీలు. వాళ్ల మీద కర్ర ఎత్తిన సంగతి ఆయన రాతల్లోనే ఉంది. అందమైన మంచులోయ ఫోటోలో వాళ్లు ఉండరు, ఉంటే కొలతకి ఉంటారు.

మద్రాసు ప్రెసిడెన్సీకి ప్రభుత్వ ఫోటోగ్రాఫర్‌గా ట్రైప్ 1858లో మదురై, తంజావూరు గుళ్లని తీశాడు. మండపాల్లో ఆయన పట్టుకున్న నీడలు చూసి తీరాలి. ఖర్చు దండగని ప్రభుత్వం ఆ పనిని తర్వాత ఆపేసింది. తెలుగువాళ్లకి దగ్గరివాడు రాజా దీన్‌దయాళ్. మీరట్ దగ్గరి సర్ధనాలో 1844లో పుట్టి, రూర్కీలో ఇంజినీరింగ్ చదివి, 1880లలో సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టి ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయ్యాడు. ఆయన పేరు చెప్పగానే దర్బారు ఫోటోలే గుర్తొస్తాయి. గోల్కొండ దగ్గర తీసినవి కూడా ఓపిగ్గా చూడండి.

ఫోటోలు పెయింటింగుల్లా మసకగా మారింది ఎప్పుడు, ఎందుకు?

1880ల తర్వాత. ముందే తయారుచేసి ఉంచుకోగల డ్రై ప్లేట్లు (పొడి పలకలు), తేలికైన కెమెరాలు వచ్చి అందరూ ఫోటోలు తీయడం మొదలుపెట్టాక, మాది కళ అని నిరూపించుకోవాల్సిన అవసరం కొందరికి వచ్చింది. ఈ ధోరణినే పిక్టోరియలిజం అన్నారు. ఇంగ్లండ్‌లోని నార్ఫోక్ చిత్తడి నేలల్లో పడవలు, రెల్లు కోసేవాళ్లని తీసిన పి. హెచ్. ఎమర్సన్, కన్ను అన్నిటినీ ఒకే స్పష్టతతో చూడదు కాబట్టి ఫోటో కూడా కొంత మెత్తగా ఉండాలని 1889లో వాదించాడు. మరుసటి ఏడాదే ఆ వాదన తప్పని, నల్ల అంచుతో చిన్న పుస్తకం అచ్చేశాడు.

ఎడ్వర్డ్ స్టైకెన్ 1904లో న్యూయార్క్ రాష్ట్రంలోని మమరోనెక్‌లో తీసిన వెన్నెల కొలను ఈ ధోరణికి శిఖరం. ప్లాటినం ప్రింట్ మీద రంగు పొరలు చేత్తో పూయడం వల్ల చెట్ల మధ్య వెలుగు నీలి ఆకుపచ్చగా మెరుస్తుంది. 2006లో ఒక ప్రింట్ 29 లక్షల డాలర్లకు పైగా ధర పలికింది.

కాలిఫోర్నియాలో ఆన్ బ్రిగ్‌మన్ అంతకంటే ధైర్యం చేసింది. సియెరా నెవాడా కొండల మీద పిడుగు పడి చీలిన చెట్లలో నగ్న స్త్రీని, కొన్నిసార్లు తననే, నిలబెట్టి తీసింది. నెగెటివ్ మీద గీసి, చెరిపి, దేహం ఎక్కడ ఆగి చెట్టు ఎక్కడ మొదలవుతుందో తెలియకుండా చేసింది. ప్రతీక మరీ బాహాటంగా ఉందని కొందరంటారు. స్త్రీ ఒంటరిగా కొండలెక్కడమే వింతగా చూసే రోజుల్లో అది బాహాటంగా ఉండటమే సబబు.

చివరికి వస్తువే అక్కర్లేకుండా భావం చెప్పగలిగారా?

అమెరికన్ ఫోటోగ్రాఫర్ ఆల్‌ఫ్రెడ్ స్టిగ్లిట్జ్ ఆ ప్రయత్నం చేశాడు. ఆయన ఫోటోల బలం ఎదుటి మనుషుల మీద ఆయన చూపే ప్రభావం వల్లే వస్తుందని ఒక రచయిత అన్నాడట. దాంతో 1922లో న్యూయార్క్ రాష్ట్రంలోని లేక్ జార్జ్ సరస్సు దగ్గర కెమెరాని ఆకాశం వైపు తిప్పాడు. మబ్బులు అందరివీ, వాటిని ఎవరూ శాసించలేరు. అదే ఏడాది ఆయన తల్లి మరణశయ్య మీద ఉంది. మొదటి వరసకి 'సంగీతం' అని పేరు పెట్టాడు, తర్వాతివాటిని ఈక్వివలెంట్స్ (సమానార్థకాలు) అన్నాడు. చాలావాటిలో నేల కనిపించదు, ఏది పైనో ఏది కిందో తెలియదు. ఈక్వివలెంట్స్ ప్రింట్లు అరచేతి సైజువే.

ఈ ఫోటోగ్రాఫర్‌ని మ్యూజియంలోకి తీసుకెళ్లడంలో మనకి తెలిసిన పండితుడి చెయ్యి ఉంది. బోస్టన్ మ్యూజియంలో భారతీయ కళల బాధ్యత చూసిన ఆనంద కుమారస్వామి చొరవతో 1924లో స్టిగ్లిట్జ్ ప్రింట్లు 27 ఆ మ్యూజియంలో చేరాయి. రసం గురించి పాశ్చాత్యులకి వివరించిన మనిషే వాటి విలువని ముందుగా గుర్తించడం యాదృచ్ఛికం అనుకోను.

వీటిని మంచి నాణ్యతలో ఎక్కడ చూడొచ్చు?

ఫెంటన్ క్రిమియా ఫోటోలు, ఓసులివన్ సర్వే ఫోటోలు వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైట్‌లో పెద్ద ఫైళ్లుగా ఉచితంగా దొరుకుతాయి. వాట్కిన్స్, ల గ్రే ఫోటోలకి లాస్ ఏంజెలిస్‌లోని గెట్టీ మ్యూజియం, న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం సైట్లు బాగుంటాయి. దీన్‌దయాళ్ గాజు నెగెటివ్‌ల పెద్ద సేకరణ ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉంది. ఫోన్‌లో కాకుండా పెద్ద తెర మీద తెరవండి, కొలతలు ఎంతో ముందు చదవండి. వాట్కిన్స్ ప్రింట్, స్టిగ్లిట్జ్ మబ్బు తెర మీద ఒకే సైజులో కనిపిస్తాయి. నిజానికి మొదటిదాన్ని రెండు చేతులతో పట్టుకోవాలి, రెండోది జేబులో పడుతుంది.